గొర్రె ఏడు, కోడి ఏడు

మొన్న ఫిబ్రవరి 17న సింగపూర్ నుంచి మా చెల్లె ఫోన్ చేసింది. ఆ రోజు అక్కడ చైనా వాళ్ల కొత్త సంవత్సరం. 2026 వాళ్లకు గుర్రం ఏడు. వాళ్ల అపార్ట్‌మెంట్ కింద ఎర్ర లాంతర్లు కట్టారనీ, ఏ తలుపు చూసినా బంగారు రంగు గుర్రం బొమ్మలే ఉన్నాయనీ చెప్పింది. పక్కింటి ముసలామె దీన్ని కూచోబెట్టి నారింజపండు చేతిలో పెట్టి, "నీ జంతువేది?" అని అడిగిందట. వయసు అడగడానికి అది వాళ్ల మర్యాద. మా చెల్లె 1988లో పుట్టింది కాబట్టి డ్రాగన్. ఇక అది ఊరుకుంటుందా, ఇంటిల్లిపాదికీ లెక్క తీయడం మొదలుపెట్టింది.

"అన్నా, నువ్వు ఎద్దు. బాపు కూడా ఎద్దే. ఇద్దరికీ సరిగ్గ ఇరవై నాలుగేండ్లు తేడా గద. మరి చిన్నాయినదేం జంతువే?"

నేను వెంటనే చెప్పలేకపోయాను. చిన్నాయిన ఏ ఏడు పుట్టాడన్న ప్రశ్న మా ఇంట్లో మామూలు ప్రశ్న కాదు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు లేక 2019లో మా చిన్నమ్మకు అయిదు లక్షల రూపాయలు రాకుండా పోయాయి.

మాది సూర్యాపేట దగ్గర పల్లె, పాత లెక్కన నల్లగొండ జిల్లా. గొల్లోళ్లం. బాపు చదువుకుని ఉద్యోగంలో పడ్డాడు. చిన్నాయిన మూడెకరాలు, ఓ మంద గొర్లు చూసుకుంటూ ఊళ్లోనే ఉన్నాడు. 2018 ఆగస్టులో రైతు బీమా మొదలైంది. పద్దెనిమిది నుంచి యాభై తొమ్మిదేళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో పోయినా ఇంటివాళ్లకు అయిదు లక్షలు. మరుసటేడు చిన్నాయిన గొర్ల దగ్గరే కూలబడి మళ్లీ లేవలేదు. అప్పుడు చూస్తే జాబితాలో ఆయన పేరే లేదు. కార్డులో పుట్టిన తేదీ 1957 జనవరి 1. ఆ లెక్కన అరవై రెండేళ్లు.

ఆ తేదీ ఎట్లా పుట్టిందో తవ్వితే తెలిసింది. చిన్నాయినకు ముప్పై నిండకముందే తల నెరిసింది. 1997లో ఎవరో ఇంటింటికీ తిరిగి వయసులు రాసుకున్నప్పుడు, ఈయన "ఏమో సారూ" అంటే, వచ్చినాయన తల చూసి నలభై వేసుకున్నాడు. తర్వాత కార్డులు తీసిన పిల్లగాడు 1997 లోంచి నలభై తీసేసి 1957 అని కొట్టాడు. నెల, రోజు తెలియదు కాబట్టి జనవరి ఒకటి. మన ఊళ్లలో ముసలోళ్ల కార్డులన్నీ వరసగా పెట్టి చూడండి, ఊరుకు ఊరే జనవరి ఒకటిన పుట్టినట్టుంటుంది.

మా నాయినమ్మ మాత్రం గట్టిగా చెప్పేది. "ఇందిరమ్మ సాగర్‌కొచ్చి నీళ్లిడిచిన యేడు సూడు, గా వానకాలం పుట్టిండు వాడు. మీ బాపుకు, వానికి నడుమ మూడు గట్టు జాతర్లు." ఈ రెండు మాటలనూ చరిత్ర విద్యార్థిగా నేను పరీక్షకు పెట్టాను. నాగార్జునసాగర్ కాలువలకు ఇందిరాగాంధీ నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. గట్టు జాతరంటే దురాజ్‌పల్లి లింగమంతుల జాతర. రెండేళ్లకొకసారి మాఘంలో వస్తుంది. మూడు జాతర్లంటే ఆరేళ్లు. బాపు బడి రికార్డులో 1961 ఉంది. ఆరు కలిపితే 1967. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సాక్ష్యాలు ఒకే ఏటి దగ్గర కలిశాయి. శాసనం విషయంలోనైతే ఇంతకన్న ఏం కావాలి? కానీ నాయినమ్మ మాట ఏ దఫ్తరులోనూ చెల్లలేదు. జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో, చిన్నాయిన పుట్టిన రెండేళ్లకు.

చెల్లె ఫోన్ పెట్టేశాక నా మెదడులో తిరిగిన ప్రశ్న ఒక్కటే. చదువురాని చైనా రైతుకు తను పుట్టిన ఏడు తెలిసినప్పుడు, చదువురాని నల్లగొండ రైతుకు ఎందుకు తెలియలేదు? మనకు లెక్కలు తక్కువా, పంచాంగాలు తక్కువా?

*

ముందు వాళ్ల సంగతి. ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగన్, పాము, గుర్రం, గొర్రె, కోతి, కోడి, కుక్క, పంది. పన్నెండు ఏళ్లకు పన్నెండు జంతువులు, మళ్లీ ఎలుక. వీటికి పైన పది కాండాలని ఇంకో వరస ఉంది. పదీ పన్నెండూ జోడు కట్టి నడిస్తే, బయలుదేరిన జంట మళ్లీ కలిసేది అరవయ్యో ఏడు దాటాక.

ఈ జంతువులు మొదటినుంచీ ఏళ్లకు కట్టినవేమీ కావు. 1975లో చైనాలోని షుయిహుది దగ్గర ఒక సమాధిలో వెదురు బద్దల మీద రాతలు దొరికాయి. క్రీస్తుపూర్వం 217 ప్రాంతంలో పూడ్చిన సమాధి అది. ఆ బద్దల్లో జంతువుల వరస ఉంది. అయితే ఇప్పటి జాబితా కాదు, గుర్రం ఉండాల్సిన చోట జింక ఉంది. అక్కడ ఆ జంతువులు చేసే పని దొంగను పట్టించడం! ఫలానా రోజు దొంగతనం జరిగితే దొంగ ఫలానా జంతువు పోలికతో ఉంటాడు అని. పోయిన వస్తువు ఏ దిక్కున ఉందో పంచాంగం చూసి చెప్పే అయ్యవార్లు మనకూ ఉన్నారు కాబట్టి, ఇందులో వింతపడాల్సిందేమీ లేదు. రోజులకు కట్టిన జంతువులు తర్వాత్తర్వాత ఏళ్లకూ, ఆ ఏట పుట్టిన మనుషులకూ వచ్చి చేరాయి. క్రీస్తుశకం ఒకటో శతాబ్దపు వాంగ్ చోంగ్ నాటికే ఇప్పటి జాబితా స్థిరపడింది.

ఇక మన సంగతి. మనకూ అరవయ్యే. ప్రభవ, విభవలతో మొదలై అక్షయతో ముగిసే సంవత్సరాలు. వాళ్ల ఇప్పటి చక్రం 1984లో మొదలైతే మనది 1987లో. మూడేళ్లే తేడా. రెండింటి వెనకా కనబడేది బృహస్పతి గ్రహం. సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి దానికి 11.86 ఏళ్లు, అంటే ఇంచుమించు పన్నెండు. అయిదు పన్నెండ్లు అరవై. మన దక్షిణాదిలో బృహస్పతితో ఆ నిక్కచ్చి లంకె ఎప్పుడో తెగిపోయింది. ఇప్పుడు ఏడుకొక పేరు వరసగా నడుస్తుందంతే.

ఆ పేర్లు ఉత్త అలంకారం కాదు. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో శక 1084 అని అంకె ఉంది, పక్కనే చిత్రభాను అని పేరూ ఉంది. చెక్కినవాడు అంకెలో తప్పు చేస్తే పేరు పట్టిస్తుంది, పేరులో పొరబడితే అంకె పట్టిస్తుంది. ఎనిమిది వందల అరవై ఏళ్ల తర్వాత కూడా మనం వేలుపెట్టి ఆ ఏటిని చూపించగలం. మా ఊరికి కూతవేటు దూరంలో పిల్లలమర్రి గుళ్లున్నాయి. రేచర్ల రెడ్లు అక్కడ ఏ ఏడు ఏ భూమి దానమిచ్చారో రాళ్లే చెబుతాయి. గుడికి వయసుంది, చెరువుకు వయసుంది. ఆ చెరువు కట్టకు మట్టి మోసినవాడికి లేదు.

చిన్నాయిన పుట్టిన 1967 పేరు ప్లవంగ. ఈ మాటకు సంస్కృతంలో అర్థం కోతి. మన అరవై పేర్లలో నేరుగా జంతువును పిలిచే పేరు దొరికిందే అరుదు, ఆ దొరికిన పేరు సరిగ్గా ఆయనకే తగిలింది. కానీ ఆ మాట మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఉగాదినాడు గుళ్లో అయ్యగారు పంచాంగం చదివితే దూరంగా కూచుని విన్నవాళ్లే మావాళ్లు. వర్షం ఎన్ని పాళ్లు, పంట ఎన్ని పాళ్లు అన్నది గుర్తుపెట్టుకున్నారు. ప్లవంగ, కీలక, సౌమ్య అన్న పేర్లు ఆ చెవిలోంచి ఈ చెవిలోకి పోయాయి. నోరు తిరగని పేరు బిడ్డ పుట్టుకకు గుర్తుగా ఎట్లా నిలుస్తుంది?

*

అయితే మన పంచాంగంలో జంతువులు లేవా? ఉన్నాయి, పండుగ జంతువులే. సంక్రాంతి పురుషుడు ప్రతి ఏడూ ఒక వాహనమెక్కి వస్తాడు. ఆయన ఎక్కిన వాహనానికీ, కట్టిన బట్టకూ, తిన్న తిండికీ ఆ ఏడు కష్టమనో కరువనో చెప్పుకుంటారు. ఈ వాహనాల జాబితా చూస్తే నాకు చైనా వాళ్ల జాబితా పక్కన పెట్టాలనిపించింది.

వాహనాన్ని నిర్ణయించేది సంక్రమణ సమయంలో ఉన్న కరణం. కరణమంటే తిథిలో సగం. నెలకు ముప్పై తిథులు, అరవై కరణాలు. ఇక్కడా అరవయ్యే చూడండి. బవ నుంచి భద్ర దాకా ఏడు కరణాలు నెలలో ఎనిమిదేసి సార్లు తిరుగుతాయి, యాభై ఆరు. మిగిలిన నాలుగూ అమావాస్య చుట్టుపక్కల ఒక్కోసారే వస్తాయి. మొదటి ఏడింటికి వాహనాలు వరసగా సింహం, పులి, పంది, గాడిద, ఏనుగు, దున్న, గుర్రం. చివరి నాలుగింటికి కుక్క, పొట్టేలు, ఎద్దు, కోడి. మొత్తం పదకొండు. వీటిలో పులి, పంది, గుర్రం, కుక్క, గొర్రె, ఎద్దు, కోడి, ఈ ఏడూ చైనా పన్నెండులో కూడా ఉన్నాయి.

ఇప్పుడు లెక్క వేసుకోండి. సింహమెక్కి వచ్చే అవకాశం అరవైలో ఎనిమిది, సగటున ఏడెనిమిదేళ్లకొకసారి. ఏనుగూ అంతే. పొట్టేలు మాత్రం అరవైలో ఒకటి. ఎద్దు ఒకటి, కోడి ఒకటి, కుక్క ఒకటి. దున్నకూ గాడిదకూ పంచాంగం కాస్త దయచూపింది, నిజమే. కానీ పాలమూరు, నల్లగొండ మెట్ట మీద ఇంటి ముందు కనబడేవి ఏవి? గొర్రె, కోడి, ఎద్దు, కుక్క. మా జీవితాన్ని మోసిన ఆ నాలుగు జంతువులూ సంక్రాంతిని మోసుకొచ్చేది మనిషి బతుకులో ఒక్కసారి. సింహాన్ని చూసినోడు మా ఊళ్లో లేడు, అది మాత్రం ఎనిమిదేళ్లకోసారి పండుగకొస్తుంది!

ఇది ఎవరో కావాలని చేశారని నేననను. చంద్రుడి లెక్క అట్లా పడింది. అంతకన్న ముఖ్యమైన తేడా ఇంకొకటుంది. సంక్రాంతి వాహనం ఆ ఏటి పంటకూ ధరలకూ ఫలం చెబుతుంది, ఆ ఏడు పుట్టిన బిడ్డకు అంటుకోదు. "నువ్వు పొట్టేలేడు పుట్టినోడివి" అని మనదగ్గర ఎవరూ అనలేదు. కనుమ దాటగానే ఆ జంతువు వెళ్లిపోతుంది.

*

చైనా జంతువుల ఏళ్లు మన దరిదాపులకు రాలేదా అంటే, వచ్చాయి. తురుష్కులు, మంగోలులు వాటిని పడమరకు తీసుకుపోయారు. ఇరాన్‌లో సర్కారు లెక్కల్లో ఎలుక ఏడు, ఎద్దు ఏడు అని రాసే పద్ధతి 1925లో చట్టం చేసి ఆపేదాకా నడిచింది. అక్బర్ కాలంలో అబుల్ ఫజల్ రాసిన ఐనీ అక్బరీలో ఈ పన్నెండు జంతువుల వివరం ఉంది. మన గోలకొండను ఏలిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ వాడు. ఆయన పుట్టిన వంశం పేరు కరా కొయున్లు, అంటే నల్లగొర్రె వాళ్లు. మా గొల్లోళ్లు వింటే చుట్టరికం కలుపుకునేవాళ్లేమో.

కానీ పొలానికి వచ్చింది జంతువు కాదు, ఫసలీ. హిజ్రీ ఏడు చంద్రుడిది, సూర్యుడి ఏటికన్న పదకొండు రోజులు తక్కువ. దాని ప్రకారం శిస్తు వసూలు చేస్తే ముప్పై రెండు పంటలకు ముప్పై మూడు సార్లు కట్టాల్సి వస్తుంది. అందుకే మొఘలుల కాలంలో పంటల ఏడుగా ఫసలీ పుట్టింది. నిజాం రాజ్యంలో దఫ్తరంతా అదే. మన ఫసలీకి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు ఏడు వస్తుంది. 1949 ఆగస్టు 15న జాగీర్లు రద్దు చేసిన ఉత్తర్వు మీద కూడా ఉన్నది 1358 ఫసలీయే. మా తాత రేకుపెట్టెలో రెండు ఉర్దూ రసీదులున్నాయి, వాటి మీదా ఫసలీయే. గొర్లకు పుల్లరి కట్టించుకునేవాళ్లు, అంటే సర్కారుకు మా గొర్ల లెక్క తెలుసు. గొర్రెను కాసినోడి లెక్క అక్కర్లేదు.

ఇట్లా ఒకే మనిషి నెత్తిన నాలుగు లెక్కలు నడిచాయి. అయ్యగారి దగ్గర ప్లవంగ, పట్వారీ దగ్గర ఫసలీ, పీర్ల చావిడి దగ్గర హిజ్రీ, బడిలో ఇంగ్లీషు ఏడు. వీటిలో ఏదీ నాయినమ్మది కాదు. ఆమెది అయిదో లెక్క. గట్టు జాతర్లు, పోలీస్ యాక్షన్, ఇందిరమ్మ నీళ్లిడిచిన యేడు, కృష్ణా పుష్కరాలు. పీర్ల పండుగనాడు పుడితే పీరయ్య, గట్టు లింగమంతులకు మొక్కితే పుడితే లింగయ్య. పేరులో పండుగ నిలిచింది, ఏడు నిలవలేదు.

మన మెట్టకు నిజంగా పన్నెండేళ్ల చక్రం ఒకటుందంటే అది పుష్కరమే. బృహస్పతి కన్యలోకి వచ్చినప్పుడు కృష్ణకు పుష్కరాలు. 1980, 1992, 2004, 2016, ఈ నాలుగూ చైనా వాళ్ల లెక్కలో కోతి ఏళ్లే. బీచుపల్లిలోనో, సోమశిలలోనో, వాడపల్లిలోనో మనవాళ్లు మునక వేసిన ప్రతిసారీ అక్కడ కోతి ఏడు నడుస్తూనే ఉంది. కానీ పుష్కరం పన్నెండు రోజులకు పేరు పెట్టింది, నడుమ పదకొండేళ్లకు పెట్టలేదు. "పుష్కరాలకు నాలుగేండ్ల ముంగట" అనాలంటే లెక్కపెట్టేవాళ్లు ఒకరు బతికుండాలి. నాయినమ్మ 2011లో పోయింది. బీమా కాగితాల నాటికి మా లెక్కల పుస్తకం మూతపడి ఎనిమిదేళ్లు.

*

జంతువు పేరుతో ఒరిగేదేమిటి, అదంతా మూఢనమ్మకం కాదా అని అడగొచ్చు. జాతకం భాగం మూఢనమ్మకమే, నాకు దానితో పనిలేదు. లెక్క భాగం వేరు. మన జనగణన పట్టికల్లో సున్నాతోనో అయిదుతోనో ముగిసే వయసుల దగ్గర జనం గుట్టపడి ఉంటారు. నలభై మంది నలభై అంటారు, నలభై ఒకటి అనేవాడు కనబడడు. చైనా జనగణనలను పరిశీలించిన ఆన్స్‌లీ కోల్ వంటి జనాభా శాస్త్రజ్ఞులు అక్కడి హాన్ జనంలో ఈ గుట్టలు దాదాపు లేవని గమనించారు. అక్షరాలు రాకపోయినా వాళ్లకు తమ ఏటి జంతువు తెలుసు. జంతువు తెలిస్తే తప్పు జరిగినా పన్నెండేళ్లే తప్పాలి. పన్నెండేళ్లు తప్పితే ఎవరికైనా కంటికి కనబడుతుంది.

మా చిన్నాయిన సంగతే చూడండి. 1967 గొర్రె ఏడు. 1957 కోడి ఏడు. మనదగ్గరా ఆ లెక్క ఉండి ఉంటే, ఆ వచ్చినాయన తల చూసి నలభై వేసేటప్పుడు చిన్నాయిన "నేను గొర్రె ఏడోన్ని సారూ" అనేవాడు. నలభై రాయడం కుదిరేది కాదు. ముప్పయ్యో, పద్దెనిమిదో, నలభై రెండో రాయాలి. ఎదురుగా ఉన్న మనిషిని చూస్తే ముప్పయ్యే పడుతుంది. గొర్లను కాసినోడు గొర్రెకూ కోడికీ తేడా మరిచిపోడు గదా.

చరిత్ర చదువుకున్నవాడిగా నేనొకటి ఒప్పుకోవాలి. ఇన్నాళ్లూ నేను శాసనాల్లో తేదీలు వెతికాను. శక సంవత్సరం, పేరు, తిథి, వారం నాలుగూ కలిస్తే సంబరపడ్డాను. నాయినమ్మ చెప్పినదాన్ని ముసలామె కబురుగా విన్నాను తప్ప రాసుకోలేదు. నేను బడిలో చేరినప్పుడో, ఓటరు కార్డులు తీసినప్పుడో ఇంట్లో ఎవరో ఒకరం ఆమె ఎదుట పెన్ను పట్టుకుని కూచుంటే సరిపోయేది. జనవరి ఒకటి కొట్టిన పిల్లగాడిని మాత్రమే అనడం న్యాయం కాదు.

ఆ రాత్రి చెల్లెకు తిరిగి ఫోన్ చేసి చెప్పాను, గొర్రె అని. బాపు పక్కనే ఉండి విన్నాడు. చాలాసేపటికి నవ్వాడు. "గొల్లోనికి గొర్రె యేడు గాకపోతే ఇంకేం పడ్తది" అన్నాడు.

మార్చి 19న ఉగాది, పరాభవ నామ సంవత్సరం మొదలైంది. పచ్చడి తిన్నాక బాపును కూచోబెట్టి ఒక నోటుబుక్కు తీశాను. ఒక్కొక్కరి పేరు, ఎదురుగా ఇంగ్లీషు ఏడు, మన సంవత్సరం పేరు, జంతువు, నాయినమ్మ చెప్పిన గుర్తు. మా తరంలో అందరివీ ఇట్టే నిండాయి. బాపు తరంలో ఇద్దరివి నిండలేదు. నాయినమ్మది రాయబోతే బాపు ఆలోచించి, "పోలీస్ యాక్షన్‌ల పరకటం పీకి కొప్పున పువ్వు పెట్టుకుందన్నది, అంటే పదేండ్లన్న ఉండాలె" అన్నాడు. 1938కి ముందు అని రాసి, జంతువు గడి ఖాళీగా వదిలేశాను. ఈసారి ఊరికి పోయినప్పుడు ఆమె ఈడువాళ్లు ఇద్దరున్నారు, వాళ్లను అడగాలి.